మా అత్త తలనెరుపు

మా అత్త తల నల్లబరిచింది నేనే. ఆ మాట ముందే ఒప్పేసుకుంటే తక్కింది చెప్పడం నాకు కొంచెం తేలిక.

మన్యం పితూరీ అణిగిన రెండో ఏడు అది. చైత్రంలో మా ఇటుకల పండగ వెళ్ళి పదిరోజులైంది. మా ఆడబిడ్డని హుకుంపేట వైపు ఇస్తున్నాం. ఇంటినిండా పనే. సోళ్ళు, అదే రాగులు, దంచాలి, విస్తర్లు కుట్టాలి, గోడలకి ఎర్రమట్టి పూయాలి. అన్నీ మా అత్త సోములమ్మే చెయ్యాలి, లేకపోతే ఆవిడకి తోచదు. వయసు అరవై దాటింది గాని నడుం వంగలేదు, పన్ను కదల్లేదు. గంప నెత్తిన పెట్టుకుందంటే డుంబ్రిగుడ సంతకి నాకన్నా ముందు చేరేది. ఒక్క తల మాత్రం పండిపోయింది. వెతికినా నల్ల వెంట్రుక దొరకదు. అయినా నడుం దాకా వత్తుగా ఉండేది. ఆముదం రాసి, కుడిచెవి మీదికి వంచి, అరచెయ్యంత కొప్పు పెట్టేది.

ఒకరోజు రోట్లో సోళ్ళు దంచుతూ, నా వైపు చూడకుండానే అంది.

"ఇయ్యపురాలు నా కన్నా పదేళ్ళు సిన్నదటే. పక్కన నిలబడితే దానికి తల్లిలాగ ఉంటాను గావాల."

నేను ఆ ఇంటికి వచ్చి అప్పటికి మూడేళ్ళు. మా నాన్న నన్ను క్రైస్తవుల బడికి మూడో తరగతి దాకా పంపాడు. ఆ చదువూ, కడుపు పండకపోవడమూ, ఈ రెండూ మా అత్తకి నచ్చేవి కావు. నాతో పనుంటేనే మాట్లాడేది. అలాంటి మనిషి నోటంట తన అందం గురించిన బెంగ వినపడేసరికి నాకు ప్రాణం లేచొచ్చింది.

"తలకి రంగేద్దామా అత్తా?" అన్నాను.

ఆవిడ రోకలి ఆపింది. "ఏటి రంగు?"

సంతలో ఎర్రమ్మ అని శృంగవరపుకోట నుంచి వచ్చే ఆవిడ ఒకత్తె పూసలూ దువ్వెనలూ అమ్మేది. ఆవిడ దగ్గర గోరింటాకు పొడి ఉండేది. దానికి రెండు మానికల కరక్కాయలు ఇచ్చాను. ఎలా వెయ్యాలో కూడా ఆవిడే చెప్పింది. "ఉత్త గోరింటాకు పెట్టి ఒగ్గీకండి, కోతి మూతిలాగ ఎర్రగా వత్తది. అది కడిగేసి, మీద కరక్కాయ పడాల. ఇనప మూకుట్లో, తుప్పు మేకులేసి మరిగించి మరీ పట్టించాల. అప్పుడు సూడు."

అలాగే చేశాను. పొద్దున్న గోరింటాకు, మధ్యాహ్నం కరక్కాయ. నా చేత తల ముట్టించుకోవడం ఆవిడకి అదే మొదలు. పెరట్లో నా ముందు గొంతుక్కూచుని, కళ్ళు మూసుకుని, చిన్నపిల్లలాగ మెడ వంచింది. నా చేతులు మోచేతుల దాకా నల్లబడ్డాయి. వాగులో కడిగి ఆరబెట్టాక అద్దం ఇస్తే, ఆవిడ చాలాసేపు చూసుకుంది.

"ఓలమ్మా, ఇదెవతే?" అని నవ్వింది.

పెళ్ళిలో థింసా ఆడేటప్పుడు వరసలో మొదట నిలబడింది. మా ఆడబిడ్డ అత్తగారు నన్ను పక్కకి పిలిచి, "ఈవిడ పెళ్ళికూతురికి తల్లా, అక్కా?" అని అడిగింది. ఆ మాట నేను మా అత్తకి మోసుకొచ్చి చెప్పాను. ఆ రాత్రి అన్నంలోకి నాకు రెండో ముక్క ఆవిడే వేసింది. ఆ వేసవిలో నాకు మిగిలిన సంతోషం అంతే.

పెళ్ళయిన నాలుగోనాడు ఊళ్ళో దండోరా వేసే బారికి వచ్చి చెప్పాడు, అడవి గీతలు మళ్ళీ కొలుస్తున్నారని, డుంబ్రిగుడలో సెటిల్మెంటు దొర డేరా వేశాడని. మా చేను గీత లోపలికి పోతోందని.

మాది వాగుకి అటూ ఇటూ ఉన్న చేను. వాగు కింద కాస్త వరి మడి. వాగు మీద మెట్ట, దాని గట్టున పనసచెట్లు. సోళ్ళూ సామలూ వలిసెలూ అన్నీ ఆ మెట్ట మీదే పండేవి. ఏడాదిలో ఎనిమిది నెలలు మేం తిన్నది ఆ మెట్టే. నలభై ఏళ్ళ కిందట దొరలు మొదటిసారి కొలత గొలుసు లాగి రాళ్ళు పాతినప్పుడు ఆ చేను సాగులో ఉందని, కళ్ళారా చూసిన మనిషి వచ్చి చెబితే వదిలేస్తారట. లేకపోతే అడవి కిందే లెక్క.

చూసినవాళ్ళు మా ఊళ్ళో పది మంది ఉండాల్సింది. ఎనిమిదేళ్ళ కిందటి గాలిజ్వరం ముసలివాళ్ళందరినీ ఊడ్చుకుపోయింది. మా మామా, మా బావా దాంట్లోనే పోయారు. మిగిలింది మా అత్త ఒక్కతే.

"అదేటి కష్టం? నాను సూసాను, నాను సెప్తాను," అంది మా అత్త.

నేనూ, మా ఆయన సుక్రు, ఆవిడా ముగ్గురం వెళ్ళాం. డేరా ముందు బల్ల వేసుకుని దొర కూచున్నాడు. టోపీ పెట్టుకున్న మనవాడే. తెలుగు వచ్చు గాని మాతో నేరుగా మాట్లాడేవాడు కాదు, మధ్యలో గుమాస్తా ఉండాలి. గుమాస్తా పేరు సర్వేశ్వరరావు. నిగనిగలాడే నల్లమీసాల మనిషి. ఆయన మా అత్తని కిందనుంచి పైకి చూశాడు.

"సాక్షి ఏదీ?"

"ఈమే బాబూ. మా యమ్మ," అన్నాడు సుక్రు.

"ఈమె? నీ వయసెంత?"

"ఎవులు లెక్కెట్టారు బాబూ? పెద్దదాన్ని."

"పెద్దదానివా? తల చూస్తే ఒక్క నెరుపు లేదు. నలభై కూడా ఉండవు. నలభై ఏళ్ళ కిందట గొలుసు లాగినప్పుడు నువ్వు పుట్టావా అసలు?"

"రంగు బాబూ," అన్నాను గబగబా. "పెళ్ళని రంగేశాం. గోరింటాకూ కరక్కాయా. నేనే వేశాను."

గుమాస్తా దొర వైపు తిరిగి ఏదో ఇంగ్లీషులో చెప్పి నవ్వాడు. నా వైపు తిరిగి, "కొండవాళ్ళు కూడా తలకి రంగేసుకుంటారటే? రంగు అంటే ఏమిటో తెలుసా మీకు? ఎవరు చెప్పమన్నారు ఈ మాట?" అన్నాడు.

నా చేతులు చూపించాను. గోళ్ళ చుట్టూ ఇంకా నలుపు ఉంది. అది కుండలు తోమిన మసి అన్నాడు. మా అత్త తల ముందుకి వంచి చూపిస్తే, మొదట్లోంచి చివరి దాకా ఒకే నలుపు. వేసి వారం కూడా కాలేదు కదా. నా పనితనం అంత బాగుంది మరి.

అప్పుడు దొరే నేరుగా అన్నాడు. కోపంగా కాదు, మామూలుగానే. "రంగైతే పోతుంది కదా. పోగొట్టుకుని రండి. ఇరవయ్యో రోజున మళ్ళీ ఇక్కడికే వస్తాను. అప్పుడు చూస్తాను."

గుమాస్తా కాగితం మీద ఏదో రాసి, మా అత్త బొటనవేలు సిరాలో ముంచి ముద్ర వేయించాడు. ఏం రాశాడని అడిగాను. "వచ్చింది, వెళ్ళింది అని రాశాను," అన్నాడు.

ఊరి మొదట్లోకి వచ్చాక మా అత్త అంది. "నీకెవులు సెప్పారే రంగెయ్యమని?"

నువ్వే ముచ్చటపడ్డావు కదా అనాలనుంది. ఇంటికి రాగానే కుంకుడుకాయల బుట్ట దించాను.

మర్నాటి నుంచి మొదలైంది. ముందు కుంకుడుకాయలు. పూటకొకసారి, నాలుగు రోజులు. తల మెరిసింది, నలుపు మాత్రం చెక్కు చెదరలేదు. ఇనప తుప్పు, కరక్కాయ ఊరికే పోతాయా? మా ఊళ్ళో నేతగాళ్ళు నూలుకి వేసే నలుపు అదే, బట్ట చిరిగినా రంగు పోదు.

తరవాత నిమ్మకాయలు. ఊళ్ళో చెట్టుకి ఉన్నవన్నీ కోసేశాను. రసం పిండి, తల తడిపి, వాగులో బండ మీద ఎండలో కూచోబెట్టేదాన్ని. పొద్దెక్కిన దగ్గర్నుంచి ఎండ వాలేదాకా. చైత్రం ఎండ. ఆవిడ జీవితంలో పగటిపూట అలా ఊరికే కూచుని ఎరగదు. బండ మీంచి చూస్తే వాగు అవతల మెట్ట కనిపిస్తుంది. దుక్కి దున్నడానికి వేళవుతోంది, సుక్రు ఒక్కడే గడ్డి చెక్కుతున్నాడు. ఆవిడ అక్కణ్ణుంచే కేకలేసేది.

"ఒరే, ఆ మూల ఒగ్గేసావు! బేగి కానీ! ఎండెక్కిపోతంది!"

పులుపు కళ్ళల్లోకి కారేది. మాడు మీద చిన్న గీతలుంటే మండేది. "ఎంత పోయిందే?" అని గంటకోసారి అడిగేది. ఇంకొంచెం, ఇంకొంచెం అనేదాన్ని.

నిజంగానే నలుపు కరిగింది. ఆరోరోజుకి కొసలు గోధుమరంగుకి వచ్చాయి. పదోరోజుకి నలుపు పూర్తిగా పోయి, దాని అడుగునున్న గోరింటాకు బయటపడింది. మోదుగుపువ్వు తెలుసుగా? అచ్చం ఆ రంగు. ఊళ్ళో పిల్లలు వాగు ఒడ్డుకి వచ్చి చూసి పోయేవారు. మా అత్త తలకి గుడ్డ చుట్టుకోవడం మొదలుపెట్టింది. ఆ వారం సంతకి రానంది. నాకు తెలిసి ఆవిడ సంత మానడం అదే మొదటిసారి.

సుక్రుకి మాత్రం సంబరమే. "ఇక సాలు. ఇలాగే తీసుకెల్దాం. ఎర్రగా ఉంటే రంగని గుడ్డోడికైనా తెలుస్తది. నల్లజుట్టు మీద గోరింటాకు ఇలాగ పట్టదు."

అతను చెప్పింది సబబే. ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు నాకు ఆ గుమాస్తా నవ్వే చెవుల్లో మోగుతోంది. కొండవాళ్ళకి రంగు అంటే ఏమిటో తెలుసా అన్నాడు కదా. నాకు తెలుసని చూపించాలి. వెయ్యడమూ తెలుసు, తియ్యడమూ తెలుసని.

"దొర ఏమన్నాడు? రంగు పోయాక తెమ్మన్నాడు. ఇది పోయినట్టా?" అన్నాను.

"పోకపోతే ఏటి సేత్తావు?"

"తెల్లగా చేస్తాను. ముందున్నట్టే."

"నీ పట్టుదల తగలెయ్య! అమ్మ తలకాయే దొరికిందేటి నీకు?"

మా అత్త గుడ్డ కింద చెయ్యి పెట్టి మాడు గోక్కుంటూ మా ఇద్దర్నీ చూసింది. "ఎర్రతలతో నానెల్లను," అంది. అంతే, ఆ మాటే నాకు బలమైంది.

గోరింటాకు మాత్రం కదలనంది. పుల్లమజ్జిగ పట్టించాను. చింతపండు పులుసు పట్టించాను. బూడిద నీళ్ళు వడగట్టి పట్టించాను. దాంతో జుట్టు చీపురుపుల్లల్లాగ గరుకెక్కింది తప్ప ఎరుపు పిసరంత తగ్గలేదు. సంతలో ఎర్రమ్మ దగ్గరికి వెళ్ళి పోట్లాడాను. ఆవిడ నా మీదే విరుచుకుపడింది.

"నల్లగా సెయ్యమంటే సేయించాను. మళ్ళీ తెల్లగా కావాలన్న మనిషిని నా బతుకులో సూడనేదు!" తరవాత కొంచెం చల్లబడి, "వాల్తేరులో దొరసానులు సీసా మందేసుకుని జుట్టు తెల్లగా సేసుకుంటారట. పుండు మీద పోస్తే నురగొత్తాది సూడు, ఆ మందట," అంది.

ఆ మందు నేను చూశాను. ఘాటురోడ్డు పని వాళ్ళకి మందుల డేరా ఒకటుండేది. అందులో వరహాలరావు అని కాంపౌండరు. రాయి పడి కాలు చితికిన కూలీకి ఆయన ఆ మందు పోస్తుంటే కళ్ళారా చూశాను. పుట్టతేనె ఒక కుండ పట్టుకుని రెండు కోసుల దూరం నడిచి వెళ్ళాను. మా ఆయనకి గొడ్డలి తగిలిందని అబద్ధం చెప్పాను.

ఆయన మంచివాడు. గోధుమరంగు సీసా ఒకటి ఇచ్చి, "ఒకపాలు మందుకి నాలుగుపాళ్ళు నీళ్ళు కలుపు. పచ్చిగా వెయ్యకు. కళ్ళకి తగలనివ్వకు. రెండు రోజుల్లో మానకపోతే మనిషినే తీసుకురా అమ్మా," అన్నాడు. తేనె వద్దన్నాడు. బలవంతంగా పెట్టి వచ్చాను.

మొదట నీళ్ళు కలిపే పట్టించాను. కొద్దిగా నురగొచ్చింది. ఎరుపు మీద పసుపు తేలింది. ఇంకా ఆరు రోజులే ఉంది. సీసా పైకెత్తి చూస్తే ముప్పాతిక ఉంది. పచ్చిదే పోశాను.

బుసబుసమని పొంగింది. మా అత్త తల మీద పాలు పొంగినట్టు తెల్లటి నురగ. ఆ తెలుపు చూసి నేను నవ్వాను కూడా. తరవాత చేతికి వేడి తగిలింది. జుట్టు వేడెక్కుతోంది. దానంతట అదే, పొయ్యి మీద పెట్టినట్టు. ఆవిరి లేస్తోంది. జుట్టులో ఎక్కడో మిగిలిన ఇనప తుప్పుకీ ఆ మందుకీ పడలేదని చాలా ఏళ్ళ తరవాత ఒక డాక్టరమ్మ నాకు చెప్పింది. అప్పుడెవరికి తెలుసు?

"అత్తా, మంటగా ఉందా?"

"మంటేటే! నిప్పుల కుండ నెత్తినెట్టావు! తియ్యే, తియ్యే!"

చెయ్యి పట్టుకుని వాగులోకి లాక్కెళ్ళాను. నీళ్ళల్లో ముంచి చేత్తో రుద్దుతుంటే, జుట్టు నా వేళ్ళకి చుట్టుకుని వచ్చేసింది. లాగకుండానే వచ్చేసింది, నానిన నార ఊడినట్టు. ఒక పాయ నీళ్ళల్లో కొట్టుకుపోయింది. పసుపు, ఎరుపు కలిసిన పాయ. మా అత్త దాన్ని అందుకోబోయి ఆగిపోయింది. రాళ్ళ మధ్యకి వెళ్ళిపోయేదాకా చూసింది.

ఏడవలేదు. నేను ఏడిచాను. "నోరుముయ్యి," అంది.

ఎడమవైపు చెవి మీద అరచెయ్యంత మేర బోడి. నడినెత్తిన ఇంకొకటి. మాడంతా పొక్కులు. మిగిలిన జుట్టు ముట్టుకుంటే విరిగిపోతోంది. సుక్రు ఇంటికి వచ్చి తల్లిని చూశాడు. నన్నొక్క మాట అనలేదు. కొట్టినా బాగుండేది. కొడవలి తీసుకుని మళ్ళీ మెట్ట మీదికే వెళ్ళిపోయాడు. చీకటి పడ్డాక గాని రాలేదు.

మర్నాడు పొద్దున్న ఆవిడే సుక్రు గడ్డం కత్తి తెచ్చి నా ముందు పెట్టింది.

"మిగిలింది తీసీ."

"వద్దత్తా. ఆముదం రాస్తాను, మందాకు..."

"తీసీమన్నానా! నా మొగుడు పోయినప్పుడు గాజులు తీసాను గాని తల ఇవ్వనేదు. మనలో ఆ ఆచారం నేదు. నీ గోరింటాకుకి ఇత్తన్నాను. తియ్యి."

పొక్కుల మధ్య నుంచి గీశాను. నేను కత్తి ఆపితే ఆవిడే నా మణికట్టు పట్టుకుంది. అంత వత్తు కొప్పూ చివరికి ఒక చేటలోకి వచ్చింది. దాన్ని తనే తీసుకెళ్ళి పనసచెట్టు మొదట్లో పాతిపెట్టి వచ్చింది.

ఇరవయ్యో రోజున మళ్ళీ డుంబ్రిగుడ వెళ్ళాం. నాలుగైదు రోజుల మొలక. తెల్లగా, ముళ్ళల్లాగ, బోడి పడ్డ చోట్లు తప్ప తలంతా. నాకు లోపల ఒక చిన్న ధైర్యం. ఎలాగైతేనేం, తెలుపు తెలుపే కదా.

ఆవిడ తలగుడ్డ తీసింది. గుమాస్తా చూశాడు. పాత కాగితం తీసి చదివాడు. ఆయన చదివింది వింటే మొదటిసారి ఏం రాశాడో తెలిసింది. "వయసు సుమారు నలభై. జుట్టు నల్లగా, వత్తుగా ఉన్నది."

కాగితం బల్ల మీద పెట్టేసి దొరతో అన్నాడు. "ఆవేళ వచ్చింది ఈ మనిషి కాదండి. ఆమెకి ఇంత జుట్టుంది. వీళ్ళు ఇంకెవత్తో గుండు ముసల్దాన్ని తీసుకొచ్చారు."

నల్లగా ఉంటే ముసల్ది కాదన్నాడు. ముసల్దయితే ఆ మనిషే కాదంటున్నాడు. సుక్రు బల్ల మీదికి వంగాడు. "బాబూ, మీరే గదా రంగు తీసుకు రమ్మన్నారు! తియ్యబోయి మాయమ్మ తల కాలిపోనాది!" అని అరిచాడు. జవాను వచ్చి అతని భుజం పట్టుకుని వెనక్కి నెట్టాడు.

"వేలిముద్ర ఉంది కదా బాబూ, చూసుకోండి," అన్నాను.

"అది చూడ్డానికి పట్నం పంపాలి. ఆరు నెలలు," అన్నాడు గుమాస్తా.

మా అత్త మా మాటలేవీ వింటున్నట్టు లేదు. గుమాస్తా మొహంలోకే చూస్తోంది. ఒక అడుగు ముందుకి వేసింది. పక్కింటి మనిషిని పలకరించినట్టు అడిగింది.

"బాబూ, నీ మీసానికి ఏటేసినావు? మొదట్లో తెల్లగా వత్తంది సూడు. నాకూ అలాగే వచ్చును గావాల, నాను ఆగనేదు. కరక్కాయేనా?"

జవాను తల దించుకున్నాడు. దొర గుమాస్తా మీసం వైపు చూశాడు. తరవాత మా అత్త తల వైపు చూశాడు. టోపీ తీసి బల్ల మీద పెట్టి పెద్దగా నవ్వాడు. పొట్ట పట్టుకుని నవ్వాడు. మా అత్తకి అదెందుకో అర్థం కాలేదు. ఆవిడ నిజంగానే అడిగింది.

"రాసుకో. సాక్ష్యం రాసుకో సర్వేశ్వరరావ్," అన్నాడు దొర, కళ్ళు తుడుచుకుంటూ.

మా అత్త చెప్పింది. నిలబడే చెప్పింది. గొలుసు లాగినవాళ్ళు ఏడుగురని, వాళ్ళలో ఒకణ్ణి పనసచెట్టు దగ్గర కందిరీగలు కుట్టాయని, తనే సున్నం రాసిందని చెప్పింది. వాళ్ళు తమ సోళ్ళచేలోనే కూచుని సోడంబలి తాగారని, ఇంకొంచెం పొయ్యమని కుండ కడిగించుకున్నారని చెప్పింది. "ఆవేళ నా పెద్దోడు సంకలో ఉన్నాడు బాబూ. ఇంకా పళ్ళు రానేదు. ఇప్పుడుంటే నీ పాటి ఉంటాడు," అంది దొరతో. దొర తలూపాడు. అప్పుడు నవ్వు లేదు ఆయన మొహంలో.

గుమాస్తా తలెత్తకుండా రాశాడు. ఆయన చెవులు ఎర్రగా ఉన్నాయి. బొటనవేలు ముద్ర వేయించేటప్పుడు మా అత్త వేలు ఎంత గట్టిగా నొక్కాడంటే, సిరా పక్కలకి చిమ్మింది.

తిరిగి వస్తుంటే సుక్రు ఈల వేశాడు. నాతో మాట్లాడింది కూడా ఆ రోజే. "మాయమ్మ సూసావా? ఏటడిగిందో!" అన్నాడు. నేను మాత్రం ఆ ఎర్రబడ్డ చెవుల గురించే ఆలోచిస్తున్నాను.

వానలు పడ్డాయి. దొర నవ్వాడు కదా, రాసుకున్నాడు కదా అన్న నమ్మకంతో మెట్ట దున్నాం. సోళ్ళు చల్లాం. మొలక జానెడు లేచింది. శ్రావణంలో బారికి డప్పు వేసి కాగితం తెచ్చాడు. మా ఊళ్ళో అచ్చు అక్షరాలు చదివేది నేనొక్కదాన్నే. వాకిట్లో మా అత్త కూచుంది, సుక్రు నిలబడ్డాడు. నేను గడప మీద కూచుని చదివాను.

అడవి గీతని కొలతల సౌకర్యం కోసం వాగు వెంట వేస్తున్నారు. వాగుకి కింద ఉన్నది రైతులది. పైన ఉన్నది సర్కారు అడవి. అంటే వరి మడి మాది, మెట్ట వాళ్ళది. మెట్ట మీద ఉన్న పంట కోసుకోవచ్చు, ఆ పైన దున్నకూడదు. ప్రతి చేనుకీ ఒక వరస ఉంది. మా వరసలో సుక్రు పేరుంది, చేను పేరుంది. దాని పక్కన, సాక్షులు అని ఉన్నచోట, "లేరు" అని ఉంది.

లేరు. ఆ రెండక్షరాలూ నేను మళ్ళీ మళ్ళీ చదివాను. మీసం గుమాస్తా కావాలనే వదిలేశాడో, దొర ఆ కాగితం పట్నం పంపనే లేదో, పంపినా ఎవరూ తెరవలేదో ఈనాటికీ తెలీదు. అసలు ఎవరో ఒకరు చదివి ఉన్నా, గీత వాగు వెంటే పోయేదేమో. వాళ్ళకి కావలసింది సాక్షి కాదు, తిన్నటి గీత.

మెట్ట పోయిందని చెప్పాను. సుక్రు వానలోనే మెట్ట వైపు వెళ్ళిపోయాడు. ఆ కార్తీకంలో సోళ్ళు కోశాక అతను ఘాటురోడ్డు పనిలోకి రాళ్ళు కొట్టడానికి కుదిరాడు. అప్పట్నుంచి మాది రైతు ఇల్లు కాదు, కూలి ఇల్లు.

కాని ఆ పూట ఇంకా కార్తీకం రాలేదు. చూరు నుంచి వాన కారుతోంది. మా అత్త లేచి వచ్చి నా పక్కనే గడప మీద కూచుంది. తల మీద జుట్టు అంగుళం లేచింది. అది కూడా బోడి పడ్డ చోట్ల మొలవలేదు. ఆవిడ కాగితం వైపు చెయ్యి చాపి, అక్షరాల మీద వేలితో తడిమింది.

"ఇందుట్లో నా పేరుందేటే?"

నేను కాగితం చూశాను.

"ఉందత్తా."

"ఎక్కడ? సదువు."

ఆ "లేరు" మీదే వేలు పెట్టి చదివాను. "సాక్షి, సోములమ్మ. వయసు డెబ్భై ఏళ్ళు. చేను సాగులో ఉండగా కళ్ళారా చూసినది."

ఆవిడ మొహం చిట్లించుకుంది.

"డెబ్బయ్యేటే? అరవై దాటినాయి, అంతే గదా! తప్పు రాసేసారు గుంటా. బేగెల్లి మార్పించు."